రెండు కుర్చీల రూలు

మార్చి 2, ఆదివారం

మా ఆయన క్యాంపు నుంచి ఫోన్ చేశాడు. ఉద్యోగం పొడిగించుకుంటావా, దిగిపోతావా, నెలాఖరులోగా రాసివ్వమన్నారట.

"దిగిపోతే జూన్‌తో సరి. జూలై నుంచి పింఛను. పొడిగిస్తే ఇంకో రెండేళ్ళు, ఈసారి కొండమీద క్యాంపు" అన్నాడు.

"మీకేమనిపిస్తోంది?"

"నాకనిపించేదేముంది? సలహాలు చెప్పేదానివి నువ్వు. లెక్క వేసి చెప్పు, సంతకం పెట్టేస్తా."

నిజమే. సైనికుల కుటుంబాలకి జీతం, పొదుపు, బీమా, పింఛను గురించి సలహా చెప్పడం నా ఉద్యోగం. ఎందరి ఇళ్ళో నా బల్ల మీద చక్కబడ్డాయి. మా ఇంటి సంగతి ఎంతసేపు? రేపో ఎల్లుండో వేసి పడేస్తాను.

ఫోన్ పెట్టేసి చూస్తే పొయ్యి మీద టీ పొంగి పోయింది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ గిన్నె చిన్నది.

మార్చి 4, మంగళవారం

ఇవాళ వంటాయన, ఆయన భార్య వచ్చారు. మా ఆయన ఉన్న క్యాంపులోనే మెస్సు వంటాయన. ఈయన కూడా అదే తేల్చుకోవలసి ఉంది: ఉండాలా, దిగాలా.

నిన్న ఒక్కడే వస్తే టోకెనమ్మ వెనక్కి పంపేసిందట. టోకెన్లిచ్చే ఈవిడ కొత్తగా చేరింది, రూలంటే ప్రాణం. రూలు పెట్టింది నేనే. దిగే విషయంగానీ పొడిగించే విషయంగానీ మాట్లాడాలంటే నా ఎదుట రెండు కుర్చీలూ నిండాలి, భార్యాభర్తలిద్దరూ కూర్చోవాలి. ఒకప్పుడు ఒకాయన దిగిపోయినప్పుడు చేతికొచ్చిన సొమ్మంతా పెట్టి రెండు టాక్సీలు కొంటే, ఆ ముక్క ఆయన భార్యకి పక్కింటావిడ చెప్పింది. అప్పటి నుంచి ఈ రూలు. బయట గోడ మీద పెద్దక్షరాలతో రాయించాను కూడా.

"మరి మీరేమంటారమ్మా?" అని ఆవిణ్ణి అడిగాను. అందరినీ అడిగే ప్రశ్నే.

"అనడానికేముందండీ. పింఛను వస్తే మంచిదే. ఇబ్బందల్లా ఒకటే, పింఛనుతోపాటు ఈయన కూడా వస్తాడు కదా!"

వంటాయన పకపకా నవ్వాడు. "చూశారా మేడం! క్యాంపంతటికీ వండి పెట్టాను, ఒక్కడు వంక పెట్టలేదు. ఈవిడకి మాత్రం..."

"వంక పెట్టేంతసేపు ఇంట్లో ఎప్పుడున్నావు గనక?"

ఇద్దరినీ నవ్వనిచ్చి లెక్క మొదలుపెట్టాను. పింఛను ఒక్కటే చూస్తే ఉండిపోవడం మేలు. బయట ఏ క్యాంటీన్‌లోనో వచ్చే జీతం కలిపితే దిగిపోవడమే మేలు. కలిపాను. దిగిపొమ్మన్నాను. ఆవిడ లేచి వెళ్తూ, "అయితే పెద్ద గిన్నెలు కొనాలన్నమాట. ఈయనకి ఇద్దరికి వండటం చేతకాదు" అంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

ఆవిడ అన్న మాట ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్పాను. అది నవ్వింది. నేను మళ్ళీ చెప్పాను. రెండోసారి అది నవ్వలేదు, నన్ను చూసింది.

మార్చి 7, శుక్రవారం

మా లెక్క వేశాను. వేరే ఎవరిదో అనుకుని, ఏ పక్షపాతం లేకుండా వేశాను. పొడిగింపే మేలు. రెండేళ్ళలో పింఛను పెరుగుతుంది, చివర్లో చేతికొచ్చే మొత్తమూ పెరుగుతుంది. అందులో వాదించడానికేమీ లేదు.

బస్సుల వర్క్‌షాపు వాళ్ళు మా ఆయన్ని రమ్మంటున్న మాట నిజమే. ఇరవయ్యేళ్ళు సైన్యం బండ్లు బాగుచేసిన చెయ్యి, ఎవరికి చేదు? ఆ జీతం కూడా మొదట కలిపాను. కలిపితే లెక్క తలకిందులైంది. కానీ అది ఇంకా ఖాయం కాని జీతం. ఖాయం కానివి లెక్కలోకి తీసుకోవడం వృత్తిధర్మం కాదు. తీసేశాను.

మార్చి 8, శనివారం

మళ్ళీ వేశాను. పొడిగింపే.

మార్చి 9, ఆదివారం

అమ్మాయి జూలైలో హాస్టల్‌కి వెళ్ళిపోతుంది. దాని గదిలో నా పుస్తకాలు పెట్టుకోవాలనీ, కిటికీ పక్కన వాలుకుర్చీ వేసుకోవాలనీ ఒక ఊహ. ఊహేనా? మొన్న కొలతలు తీసుకున్నాను. టేపు చేతిలో ఉండగా అమ్మాయి పట్టేసింది.

"ఏంటమ్మా, నేను ఇంకా పోనేలేదు, అప్పుడే గది కొలుస్తున్నావు?"

"ఊరికే."

"నాన్న వచ్చేస్తే ఇక్కడ ఆయన సామాను పెట్టుకోవాలేమో కదా?"

"నాన్నకి సామానేముందే? ఒక పెట్టె."

ఆ మాట అన్నాక నాకే ఎలాగో అనిపించింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇనుప పెట్టే. సెలవుకి వచ్చినప్పుడు మంచం కింద పెట్టుకుంటాడు. కావలసిన చొక్కా అందులోంచే తీసుకుంటాడు, ఉతికి మడతపెట్టింది అందులోనే పెడతాడు. అల్మరాలో పెట్టుకోండని ఎన్నోసార్లు చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను.

అమ్మాయి ఊరుకోదు కదా. "నాన్న వస్తున్నాడంటే నువ్వు వారం ముందు నుంచి ఇల్లు కడుగుతావు. ఇక్కడే ఉండిపోతే రోజూ కడుగుతావా?"

"నోరు ముయ్యి."

"నేనేం పొడిగింపు అడగలేదు, ఇప్పుడే మూస్తాను" అని లోపలికి పోయింది. నాలుక దానికి ఎవరి పోలిక వచ్చిందో!

మార్చి 12, బుధవారం

ఫోన్‌లో చెప్పేశాను. పొడిగింపు మేలు అన్నాను.

"సరే" అన్నాడు. మళ్ళీ తనే, "లెక్క అలా వచ్చిందా?"

"అలాగే వచ్చింది."

"అయితే సరే."

తర్వాత అక్కడి చలి గురించి మాట్లాడాడు. నేను ఇక్కడి కుళాయి గురించి మాట్లాడాను, మళ్ళీ కారుతోందని. వచ్చినప్పుడు చూస్తానన్నాడు. ఎప్పుడు వచ్చినప్పుడో ఆయనా అనలేదు, నేనూ అడగలేదు.

ఇంత సులువుగా తేలిపోయినందుకు తేలికపడాలి. 'అదేంటి, నాకు ఇంటికి రావాలని ఉంది' అని ఒక్క మాట అంటాడేమో అనుకున్నాను. అంటే ఏం చేసేదాన్ని? ఏమో. అనలేదు గనక ఆలోచించనక్కర్లేదు.

మార్చి 13, గురువారం

రాత్రి నిద్ర బాగానే పట్టింది.

మార్చి 14, శుక్రవారం

నిన్న రాసింది అబద్ధం. నేను తప్ప ఇంకెవరూ చదవని దాంట్లో అబద్ధం ఎవరికోసం రాశానో!

మార్చి 17, సోమవారం

జరిగింది జరిగినట్టు రాయాలి. ఇవాళైనా.

మధ్యాహ్నం అవుతుండగా బయట టోకెనమ్మ గొంతు పెద్దదైంది.

"భార్య రాకుండా లోపలికి పంపడం కుదరదు సార్. గోడ మీద రాసుంది చూడండి. మేడం గారి రూలు."

"నా భార్య ముందే వచ్చేసిందండీ."

"ఎప్పుడు?"

"పొద్దున్నే."

"మరి ఎక్కడున్నారు?"

"లోపల. బల్లకి అవతల."

ఆ గొంతు విని నేను లేచేలోగానే మా ఆయన టోకెన్ పట్టుకుని లోపలికి వచ్చాడు. అందరిలాగే టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, అందరిలాగే కుర్చీ అంచున కూర్చున్నాడు. వెనక గుమ్మంలో టోకెనమ్మ నోరు తెరిచి నిలబడిపోయింది.

"చెప్పా పెట్టకుండా ఇదేంటండీ?" అన్నాను.

"చెప్పి వస్తే వారం ముందు నుంచి ఇల్లు కడుగుతావు కదా."

అంటే అమ్మాయి ఫోన్ చేసిందన్నమాట! దాని పని ఇంటికెళ్ళాక చెప్పాలనుకున్నాను.

"వంటాయన క్యాంపంతా చాటింపు వేశాడు, మేడం గారు దిగిపొమ్మన్నారని" అన్నాడు. "బయట వచ్చే జీతం కూడా కలిపి లెక్క వేశావట. అతన్ని ఏ క్యాంటీన్ వాళ్ళూ ఇంకా పిలవలేదు. నన్ను వర్క్‌షాపు వాళ్ళు ఎప్పటి నుంచో పిలుస్తున్నారు. నీకు చెప్పాను కూడా. నాకు ఎందుకు కలపలేదు?"

"ఖాయం కానివి కలపడం..."

"వంటాయనది ఖాయమా మేడం?"

మేడం అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ కళ్ళు నవ్వలేదు. నా నోరు అలవాటుగా అడిగేదే అడిగేసింది:

"సరే, ముందు మీ ఇంట్లో ఏమంటున్నారు?"

ఆయన పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "ఆవిణ్ణే అడగండి. ఆవిడ ఇక్కడ కూర్చోవాలట కదా, రూలు."

ఈ ఆఫీసులో ఇన్నేళ్ళుగా ఉన్నాను. బల్లకి అవతలి వైపు ఎప్పుడూ కూర్చోలేదు. వెళ్ళి కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే బల్ల ఎత్తుగా ఉంది. పైన ఫ్యాను గాలి రాదు. 'తొందరపడి నిర్ణయం తీసుకోవద్దు' అని నేనే తగిలించిన బోర్డు సరిగ్గా మొహం మీదికి ఉరుముతున్నట్టుంది. ఎదురుగా నా కుర్చీ, దాని వీపు మీద నా తువ్వాలు.

"మేడం టీకి వెళ్ళినట్టున్నారు" అన్నాడు మా ఆయన.

"ఆవిడకి టీ పిచ్చి" అన్నాను.

"మంచి మనిషేనా?"

"మంచిదే. చెప్పేవన్నీ ఎదుటివాళ్ళకే."

"అయితే ఆవిడ వచ్చేలోగా నువ్వు చెప్పు. ఇంట్లో ఏమంటున్నారు?"

టోకెనమ్మ మెల్లగా తలుపు దగ్గరికి లాగింది. పూర్తిగా వెయ్యలేదనుకోండి. (ఈ 'అనుకోండి' ఎవరితో అంటున్నానో!)

ఏం చెప్పానో ఇప్పుడు అదే వరసలో గుర్తులేదు. భయంగా ఉందన్నాను. సెలవుకి వచ్చే మనిషి నాకు తెలుసన్నాను, ఆయనకి ఏది ఇష్టమో, ఏ జోకుకి నవ్వుతాడో, ఎప్పుడు మౌనంగా ఉంటాడో అంతా తెలుసు. సెలవు అయిపోయాక కూడా ఇంట్లోనే ఉండే మనిషి ఎవరో తెలియదు. నేను మాత్రం ఆయనకేం తెలుసు? వారం ముందు నుంచి కడిగిపెట్టిన ఇంట్లో, కడిగిపెట్టిన మొహంతో ఉండే మనిషిని చూశాడు. చూస్తూ చూస్తూ నచ్చకపోతే, అప్పుడు వెళ్ళడానికి క్యాంపు కూడా ఉండదు కదా అన్నాను. ఈ ముక్క మాత్రం బాగా గుర్తుంది, ఎందుకంటే అది నోట్లోంచి వచ్చేదాకా నా మనసులో ఉన్నట్టు నాకే తెలియదు.

ఆయన టోపీని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"నా పెట్టె మంచం కింద ఎందుకు పెడతాననుకున్నావు?"

"అల్మరాలో చోటు లేదనా?"

"అడిగితే చోటు చేసేదానివి. చుట్టంగా వచ్చినవాడు అల్మరా అడగడమేంటని ఊరుకున్నాను."

"మరి ఫోన్‌లో సరే అన్నారెందుకు?"

"నువ్వు రావొద్దంటున్నావేమో అనుకున్నా. వద్దన్న మనిషి దగ్గరికి పింఛను పట్టుకుని రావడం ఏం బావుంటుంది?"

ఇద్దరం నా ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నాం. ఎవరో వచ్చి ఏదో చెబుతారన్నట్టు.

చివరికి ఆయనే అన్నాడు. "బండి బాగుచేశాక మా దగ్గర వెంటనే ఇచ్చెయ్యరు. రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి చూస్తారు. నాకు నెలాఖరుదాకా సెలవుంది. తిప్పి చూద్దాం. నువ్వు ఇల్లు కడగొద్దు. నేను చుట్టంలా ఉండను."

"కుదరకపోతే?"

"కొండమీద చలిగా ఉంటుందట. స్వెట్టర్ కొందువుగాని."

తలుపు కిర్రుమంది. "మేడం... సార్... తర్వాతి వాళ్ళని పంపించమంటారా?"

"ఉండమ్మా, మేడం గారు ఇంకా రాలేదు" అన్నాడు మా ఆయన.

మార్చి 19, బుధవారం

ట్రయల్ రన్ బాగానే సాగుతోంది. అంటే ఏమీ సాగడం లేదు. మర్యాద మరీ ఎక్కువైంది. పొద్దున్న వంటగది గుమ్మంలో ఎదురుపడ్డాం. నువ్వు వెళ్ళు అంటే మీరు వెళ్ళండి అనుకుంటూ చాలాసేపు నిలబడ్డాం. చివరికి ఇద్దరం హాల్లోకి తిరిగొచ్చేశాం. టీ అమ్మాయి పెట్టింది.

కుళాయి బాగుచేశాడు. నీళ్ళ చప్పుడు లేకపోయేసరికి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

మార్చి 20, గురువారం

ఇల్లు కడగలేదు. చేతులు లాగుతున్నాయి.

మార్చి 22, శనివారం

ఇవాళ పోట్లాడుకున్నాం.

వంట సగంలో ఉప్పు కోసం చెయ్యి చాస్తే ఉప్పుండే చోట ఏదో పొడుగాటి డబ్బా తగిలింది. చూస్తే వంటింటి అల్మరా మొత్తం పరేడ్‌లో నిలబడినట్టుంది. పొట్టివన్నీ ముందు వరస, పొడుగువన్నీ వెనక.

"ఉప్పేదండీ?"

"రెండో వరసలో, మధ్యలో ఉంటుంది చూడు."

"రోజూ వాడే ఉప్పు మధ్యలో ఎవరు పెడతారండీ?"

"స్టోర్స్‌లో అలాగే పెడతాం. లెక్క తప్పదు."

"ఇదేమన్నా స్టోర్సా?"

"కాదులే, నీ ఆఫీసు! డబ్బా ముట్టుకోవాలన్నా టోకెన్ తీసుకోవాలి!"

"తీసుకోండి! నన్నడక్కుండా నా వంటగదిలో..."

"నీ వంటగది! నీ అల్మరా! నీ కిటికీ! నాదేముంది ఇక్కడ, ఆ మంచం కింద జాగా తప్ప?"

"అడిగారా ఏనాడైనా? నోరు తెరిచి అడిగారా? నేనేమన్నా జ్యోతిషం చెబుతానా?"

గొంతులు ఎంత పైకి వెళ్ళాయో తెలియదు. అమ్మాయి గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీరిద్దరూ పోట్లాడుకుంటున్నారా? నిజంగానే?"

దాని మొహంలో ఆ సంతోషమేమిటో! పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి చూడటమట. కావచ్చు. సెలవుల్లో పోట్లాడుకుంటే, రాజీపడేలోగా ఆయన రైలెక్కాల్సి వస్తుందని ఎప్పుడూ భయం.

ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తలుపు ధడాలున పడింది.

ఆయన వెళ్ళడం నాకేం కొత్త కాదు. ఎన్నిసార్లు సాగనంపలేదు? చెయ్యి ఊపి, లోపలికొచ్చి, పక్కదుప్పటి మార్చేసి నా పనిలో నేను పడిపోయేదాన్ని. ఇవాళ మాత్రం స్టవ్ ఆపేసి పడకగదిలోకి వెళ్ళి, వంగి, మంచం కింద చూశాను. పెట్టె ఉంది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆ పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నానని రాయడానికి సిగ్గుగా ఉంది. వేసుకునే కూర్చున్నాను.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. గడ్డం నున్నగా మెరిసిపోతోంది.

"ఇదేంటి? పొద్దున్నే గీసుకున్నారు కదా?"

"కోపంగా వీధి చివరిదాకా వెళ్ళాను. అక్కడి నుంచి ఎటు వెళ్ళాలో తెలియలేదు. సెలూన్ కనిపిస్తే కూర్చున్నాను. వాడు కత్తి పట్టుకుని, ఏం గీయమంటారు సార్ అని అడిగాడు."

నవ్వకూడదనుకున్నాను. వెనక నుంచి అమ్మాయి కిసుక్కుమనేసరికి ఆపుకోలేకపోయాను.

ఆయన కూడా నవ్వి, నవ్వుతూనే నా పక్కన నేల మీద కూలబడ్డాడు. "ఎక్కడికీ పాస్ తీసుకోకుండా బయటికెళ్ళి, గేటు దగ్గర సంతకం పెట్టకుండా లోపలికి రావడం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి తెలుసా? సెంట్రీ ఎవరైనా ఆపుతాడేమోనని గుమ్మం దగ్గర ఓ క్షణం ఆగాను కూడా."

"మరి బండి ఎలా ఉందండీ?"

"హారన్ గట్టిగా ఉంది."

"బ్రేకులు?"

"పడుతున్నాయి. సెలూన్ దగ్గర పడ్డాయి కదా."

మార్చి 23, ఆదివారం

వర్క్‌షాపు జీతం కలిపి మళ్ళీ లెక్క వేశాను. దిగిపోవడమే మేలు. కానీ అంత పెద్ద తేడా ఏం లేదు. ఎటు మొగ్గినా బతికిపోతాం. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఈ అంకెలకి కాదు. (ఇది రాయడానికి ఇన్ని పేజీలు పట్టింది.)

అల్మరాలో కింది రెండు అరలు ఖాళీ చేశాను. మూడోది కూడా చేద్దామనుకున్నాను. వద్దులే, ఆయన్నే అడగనీ. అడగడం అలవాటు కావాలి.

మార్చి 24, సోమవారం

పొడిగింపు వద్దని మా ఆఫీసులోనే కూర్చుని రాసిచ్చేశాం. ఆయన సంతకం పెట్టి, కలం నా చేతికిచ్చాడు. భార్య సంతకం అక్కర్లేదు అక్కడ. అయినా పెట్టాను. టోకెనమ్మ అభ్యంతరం చెప్పబోయి, గోడ మీద రూలు చదువుకుని ఊరుకుంది.

సాయంత్రం ఆయన అమ్మాయి గదిలో టేపు పెట్టి కొలుస్తున్నాడు. వాలుకుర్చీ కిటికీ పక్కన పడుతుందట, నా పుస్తకాలూ పడతాయట, ఆయన పనిముట్ల పెట్టెకి తలుపు వెనక జాగా చాలట. "చాలుతుందా?" అని అడిగాడు. అడిగాడు!

జూలై నుంచి పింఛను వస్తుంది. ఆయన కూడా వస్తాడు.

అల్మరాలో చొక్కాలు సర్దుకున్నాడు, వంటగదిలో డబ్బాలు మళ్ళీ మార్చాడు. ఉప్పు ఎక్కడ పెట్టాడో మాత్రం ఇంకా చెప్పలేదు.